కోర్టు చక్రపాణి గారి శనివారాలు

చక్రపాణి కారెక్కినవాళ్లు ఎక్కడికని బయలుదేరినా ముందు చేరేది కోర్టుకే.

కంగారు పడనక్కర్లేదు. ఆయన మీద కేసులేమీ లేవు. టెక్సస్ రాష్ట్రంలో ప్లేనో అనే ఊళ్లో, ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేసులు చూసుకునే నెమ్మదస్తుడు. అమెరికా వచ్చి ఇరవై రెండేళ్లయినా ఒక్క స్పీడింగ్ టికెట్ కూడా తెచ్చుకోలేదు. ఉన్న పిచ్చల్లా ఒక్కటే, పాత కోర్టు భవనాలు. టెక్సస్‌లో రెండు వందల యాభై నాలుగు కౌంటీలున్నాయి. ప్రతి కౌంటీకీ ఒక ముఖ్య పట్టణం, ఆ పట్టణం నడిబొడ్డున నాలుగు వైపులా అంగళ్లు, మధ్యలో పచ్చిక, పచ్చిక మధ్యలో కోర్టు. వాటిలో నూరేళ్లు దాటిన రాతి కట్టడం ఏదైనా యాభై మైళ్ల లోపల ఉందంటే చాలు, చక్రపాణి స్టీరింగ్ అటు తిరిగిపోతుంది. వెనక సీట్లో పసిపిల్ల ఏడ్చినా, పక్క సీట్లో పద్మజ ఏడ్చినా వెనక్కి తిరగదు.

పద్మజ ఆయన భార్య. ఒకసారి హ్యూస్టన్‌లో ఆవిడ పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి ఇద్దరూ తెల్లవారగానే బయలుదేరారు. నాలుగు గంటల ప్రయాణం. దారిలో మూడు కోర్టులు తగిలాయి. తగలడమంటే అవి దారిలో లేవు, దారే వాటి దగ్గరికి వెళ్లింది. వీళ్లు హాల్లో అడుగుపెట్టేసరికి క్యాటరింగ్ వాళ్లు ఖాళీ ట్రేలు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నారు.

"ఇంత లేటయిందేం అల్లుడు గారూ, ట్రాఫిక్కా?" అని అడిగింది పిన్ని.

"ట్రాఫిక్ కాదండీ, ఎర్ర ఇసుకరాయి," అన్నాడు చక్రపాణి ఎంతో తృప్తిగా.

బాపట్లలో ఉన్న అత్తగారికి ఈ వ్యవహారం అసలు కొరుకుడు పడలేదు. శనివారం ఫోన్ చేసి "అల్లుడు గారేరమ్మా?" అని అడిగినప్పుడల్లా "కోర్టుకెళ్లారమ్మా" అనేది పద్మజ. ఆవిడ ఆరు నెలలు ఓపిక పట్టి, ఓ రోజు గొంతు బాగా తగ్గించి అడిగింది.

"నాతో అయినా నిజం చెప్పవే. పొలం తగాదాలా? ఇంకేమైనానా?"

"అబ్బే, బిల్డింగ్ చూడ్డానికెళ్లారే అమ్మా."

"బిల్డింగ్ చూడ్డానికి ఎవరైనా కోర్టుకెళ్తారా? అబద్ధం చెప్పినా అతికినట్టు చెప్పాలి పద్మా."

కోర్టు చేరాక ఆయనకొక పద్ధతుంది. ముందు భవనం చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. తర్వాత నచ్చిన గోడ చూసుకుని అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకుంటాడు. ఆ తర్వాత, వెంట వచ్చినవాళ్లకు క్లాసు మొదలవుతుంది. ఒకసారి ఇలాగే గోడకు చెయ్యి ఆనించి నిలబడితే షెరీఫ్ ఆఫీసు పోలీసు డిప్యూటీ ఒకాయన అనుమానంగా దగ్గరికొచ్చి, ఏం చేస్తున్నారని అడిగాడు. "ఇది ఏ రాయో మీకు తెలుసా?" అని ఎదురు ప్రశ్న వేశాడు చక్రపాణి. ఆ డిప్యూటీకి తెలియదు. తెలియదని చెప్పడమే అతను చేసిన పొరపాటు. అరగంట తర్వాత, మోగని వాకీటాకీని చెవికి పెట్టుకుని "వస్తున్నా, వస్తున్నా" అంటూ పారిపోయాడు.

కొత్తగా కట్టే గాజు కోర్టులంటే మాత్రం ఆయనకు గిట్టదు. "అది కోర్టా? పళ్ల డాక్టరు ఆఫీసులా ఉంది," అని మొహం తిప్పుకుంటాడు.

ఇన్ని చూశాక ప్లేనోలో తెలుగువాళ్లు ఒక జాగ్రత్త నేర్చుకున్నారు. శుక్రవారం సాయంత్రం చక్రపాణి ఫోన్ వస్తే ఎత్తరు.

దివాకర్‌కు ఆ జాగ్రత్త ఎవరూ చెప్పలేదు. కరీంనగర్ నుంచి వచ్చిన ముప్ఫై ఒక్కేళ్ల బ్రహ్మచారి. చక్రపాణిని ఉగాది పాట్‌లక్ భోజనాల్లోనో ఎక్కడో రెండు మూడుసార్లు చూశాడంతే. ఆ మార్చి నెలలో ఒక మంగళవారం పొద్దున పదిహేను నిమిషాల వీడియో కాల్‌లో అతని టీమ్ మొత్తాన్నీ లే ఆఫ్ చేసేశారు. హెచ్‌వన్ వీసా. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ పిటిషన్ ఫైల్ చేయకపోతే పెట్టె సర్దుకోవాలి. ఈ సంగతి అతను ఊళ్లో అమ్మకు చెప్పలేదు, అపార్ట్‌మెంట్‌లో రూమ్మేట్ అనీష్‌కూ చెప్పలేదు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, లాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుని, ఎనిమిదిన్నరకల్లా ఆఫీసుకు బయలుదేరినట్టే బయలుదేరి పబ్లిక్ లైబ్రరీలో కూర్చునేవాడు.

తొమ్మిదో రోజున అక్కడికి చక్రపాణి వచ్చాడు, చేతిలో రెండు లావుపాటి పుస్తకాలతో, వాపసు ఇవ్వడానికి.

"ఏంటి దివాకర్, ఇక్కడున్నావ్?"

"ఇయ్యాల వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నా."

చక్రపాణి చుట్టూ ఉన్న పుస్తకాల బీరువాలను ఒకసారి కలియజూశాడు. దివాకర్ టేబుల్ మీదున్న రెజ్యూమె కాగితాన్ని మోచేత్తో కప్పేశాడు. చక్రపాణి దాన్ని చూసినట్టే లేడు.

"శనివారం ఖాళీయేనా? కోర్టుకెళ్దాం."

దివాకర్ కుర్చీలోంచి సగం లేచాడు. "కోర్టుకా? ఏం చేసిన అన్నా నేను?"

"నువ్వేం చేయక్కర్లేదయ్యా. మా పద్మజ పులిహోర చేస్తానంది. ఏడింటికి వచ్చి పికప్ చేసుకుంటా."

ఏదో ఒక అబద్ధం చెప్పి తప్పించుకోవాలనుకున్నాడు దివాకర్. కానీ ఆ తొమ్మిది రోజుల్లో తన దగ్గరున్న అబద్ధాలన్నీ అమ్మకూ అనీష్‌కూ ఖర్చయిపోయాయి. సరేనన్నాడు.

శనివారం గంటన్నర డ్రైవ్ చేసి హాలోవే కౌంటీ చేరారు. చిన్న ఊరు. పెద్ద ఫ్యాక్టరీ లేదు, ఫ్రీవే లేదు. అంత చిన్న ఊరి మధ్యలో అంత పెద్ద భవనం చూసి దివాకర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఎర్రరాయి మీద తెల్లరాయి చారలు, ఏనుగు కాళ్లంత స్తంభాలు, వాటి మీద గుండ్రటి కమానులు, అన్నిటికీ పైన గడియారపు గోపురం.

"పద్దెనిమిది వందల తొంభై నాలుగు," మొదలుపెట్టాడు చక్రపాణి. "అప్పటికి ఈ ఊళ్లో జనం పట్టుమని రెండు వేలు లేరు. రోడ్ల నిండా బురద. ఏసీ అన్న మాట పుట్టలేదు. ఈ టెక్సస్ ఎండలో కోర్టు ఎలా నడిపారంటావ్?"

"తెల్వదన్నా."

పాపం, డిప్యూటీ చేసిన పొరపాటే దివాకరూ చేశాడు.

"చూడు, గుమ్మాలు నాలుగు మూలలా పెట్టారు. గాలి ఎటునుంచి వీచినా లోపలికి రావాలి. నడిమధ్యన మెట్లు, మెట్ల మీద ఆ గోపురం. వేడిగాలి పొగగొట్టంలోంచి పోయినట్టు పైకి పోతుంది, కింద చల్లగాలి లోపలికొస్తుంది. బిల్డింగ్ మొత్తం ఊపిరి పీలుస్తుందయ్యా! ఇలా రా, చెయ్యి పెట్టు."

దివాకర్ చెయ్యి పెట్టాడు. రాయి చల్లగా ఉంది. ఊపిరి మాట ఎలా ఉన్నా ఆకలి మాత్రం వేసింది. పచ్చిక మీద బెంచీలో కూర్చుని పులిహోర తిన్నారు. తిరిగి వస్తుంటే అతనికి తట్టింది, పొద్దుటి నుంచి తను ఫోన్‌లో మెయిల్ చూసుకోలేదు. రోజులు లెక్కపెట్టుకోలేదు.

ఆ మరుసటి శనివారం ఇంకో కోర్టు. ఆపై శనివారం మరొకటి. వద్దనడం దివాకర్‌కు చేతకాలేదు. సున్నపురాయికీ గ్రానైట్‌కీ తేడా నేర్చుకున్నాడు. ఉలి గుర్తులు చూసి చేత్తో చెక్కిన రాయిని పోల్చడం నేర్చుకున్నాడు. కానీ లోలోపల ఒక కోపం కూడా పెరిగింది. ఈయన ఒక్కసారైనా "జాబ్ ఎలా ఉంది?" అని అడగడు. నూట ముప్ఫై ఏళ్ల నాటి గోడలో వెంట్రుకంత బీట కనిపెట్టే మనిషికి, పక్కనున్నవాడి మొహం కనబడదా?

ఇంటర్వ్యూలు వస్తున్నాయి, పోతున్నాయి. అవతలివాళ్లు "మీ గురించి చెప్పండి" అనగానే దివాకర్ గొంతు ఎండిపోయేది. తొమ్మిదేళ్ల అనుభవం ఆ గొంతులోనే ఎక్కడో ఇరుక్కునేది.

ఐదో శనివారం మళ్లీ హాలోవే కౌంటీకి తీసుకెళ్లాడు చక్రపాణి. శనివారాలు కోర్టులకు సెలవు కాబట్టి అంతవరకూ అన్నీ బయటి నుంచి చూసినవే. ఇక్కడ మాత్రం నెలకోసారి, ఊరి చరిత్ర సంఘం తరఫున డార్లీన్ అనే ఎనభై ఏళ్ల మామ్మ తాళం తీసి జనాన్ని లోపలికి పంపుతుంది.

"చాక్! ఈసారి ఎవర్ని పట్టుకొచ్చావు?" అంది ఆవిడ చక్రపాణిని చూడగానే.

"ఇంజినీర్. బాగా వింటాడు," అన్నాడు చక్రపాణి.

పై అంతస్తులో పెద్ద కోర్టు హాలు. రెండంతస్తుల ఎత్తు కప్పు, మూడు వైపులా చెక్క బాల్కనీ. జ్యూరీ కుర్చీల కింద టోపీలు పెట్టుకోవడానికి తీగతో అల్లిన గూళ్లు. చక్రపాణి దివాకర్‌ను సాక్షి కుర్చీలో కూర్చోబెట్టి తను చకచకా మెట్లెక్కి బాల్కనీ చిట్టచివరి వరసకు వెళ్లిపోయాడు.

"అప్పట్లో మైకుల్లేవు," అక్కణ్ణుంచి అరిచాడు. "సాక్షి మాట ఇక్కడిదాకా వినబడేట్టు కట్టారట. టెస్ట్ చేద్దాం. ఏదైనా మాట్లాడు!"

"ఏం మాట్లాడాలన్నా?"

"నీ ఇష్టం! నీ గురించే చెప్పు!"

దివాకర్‌కు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇక్కడ కూడా అదే ప్రశ్న. "నా పేరు దివాకర్," అన్నాడు మెల్లగా.

"వినబడలా!"

"నా పేరు దివాకర్. బ్యాకెండ్ ఇంజినీర్‌ని. తొమ్మిదేండ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది."

"సగమే వినబడింది. భుజాలు దించి, ఆ ఎదురుగుండా తలుపుకి చెప్పు!"

చెప్పాడు. మళ్లీ చెప్పాడు. ఏయే ప్రాజెక్టులు చేశాడో చెప్పాడు. సర్వర్ పడిపోయిన రోజున అందరూ తనకే ఎందుకు ఫోన్ చేసేవారో చెప్పాడు. నాలుగోసారికి గొంతు దానంతటదే తెరుచుకుంది. ఆ ఊపులో, ఆపుకుందామనుకునేలోపే, ఇంకో మాట కూడా బయటికొచ్చేసింది.

"అన్నా, నా జాబ్ పోయింది! ముప్ఫై తొమ్మిది రోజులైంది! ఎవ్వరికీ చెప్పలే!"

ఆ మాట కప్పు దాకా వెళ్లి, బాల్కనీ మూడు వైపులా తిరిగి, మళ్లీ అతని దగ్గరికే వచ్చింది. తెలుగు ఒక్క ముక్క రాని డార్లీన్ కూడా గుమ్మం దగ్గర తలెత్తి చూసింది.

చక్రపాణి చిట్టచివరి వరసలోంచి నింపాదిగా అన్నాడు.

"వినబడింది దివాకర్. చాలా స్పష్టంగా వినబడింది. మంచి హాలు ఇది."

కిందికి దిగి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. సలహా చెప్పలేదు. ధైర్యం చెప్పలేదు. కప్పుకి కొట్టిన తగరపు రేకుల డిజైన్ గురించి ఇరవై నిమిషాలు చెప్పాడు. దివాకర్ ఒక్క ముక్కా వినలేదు గానీ, నెల దాటాక మొదటిసారి కడుపునిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ సాయంత్రమే అనీష్‌కు చెప్పాడు. అనీష్ తిట్టాడు, టీ పెట్టిచ్చాడు, తన మేనేజర్‌కు రెజ్యూమె పంపాడు.

నలభై ఐదో రోజు ఇంటర్వ్యూ. "మీ గురించి చెప్పండి" అన్నారు. దివాకర్ భుజాలు దించి, ఎదురుగా ఉన్న తలుపుకి చెప్పాడు. యాభై ఒకటో రోజు ఆఫర్ లెటర్ వచ్చింది. యాభై ఏడో రోజు పిటిషన్ ఫైలయింది.

జూన్‌లో చక్రపాణికి యాభై ఏళ్లు నిండాయి. పద్మజ ఇంటి వెనక పెరట్లో పార్టీ పెట్టింది. వచ్చినవాళ్లంతా పుట్టినరోజువాణ్ణి ఏడిపించడానికే వచ్చారు. ఆయన గ్రిల్ దగ్గర మొక్కజొన్న కండెలు కాలుస్తుంటే ఇవతల ఒక్కొక్కరే తమ తమ కిడ్నాప్ కథలు విప్పారు.

"నన్ను నాలుగు గంటలు తిప్పాడు," అన్నాడు అమర్‌నాథ్. పక్క వీధిలో ఉండే అకౌంటెంటు. "తర్వాతి నెలలో మా ఆవిడ శ్రీవిద్యను తిప్పాడు. ఆ తర్వాత ఇద్దర్నీ ఒకే కార్లో! నాకు చెప్పలేదు, మా ఆవిడకీ చెప్పలేదు. నన్ను ముందు సీట్లో, ఈవిణ్ణి వెనక సీట్లో. మధ్యలో దద్దోజనం."

"ఆ రోజు నేను ఆ కోర్టు మెట్ల మీద ఎంత అరిచానో!" అంది శ్రీవిద్య నవ్వుతూ. "చక్రపాణి పట్టించుకుంటేనా? ఇంత చక్కటి ప్రతిధ్వని ఏ కోర్టుకీ లేదండీ అంటాడు."

అందరూ పడీ పడీ నవ్వారు. నర్సుగా పనిచేసే రజిని అందుకుంది. "నాతో ఒక స్తంభం పట్టుకోమన్నడు. ఎందుకన్నా అంటే, కౌగిలిస్తే ఎంత లావుందో తెలుస్తదన్నడు. అట్లనే పట్టుకుని నిలబడ్డ, పావుగంట."

దివాకర్ కూడా నవ్వాడు. నవ్వి, ఊరికే అడిగాడు. "అది ఎప్పుడక్కా?"

"రెండేండ్లయింది. అక్టోబర్‌లో..." అంటూ రజిని ఆగింది. "మా నాన్న పోయిన నెలనే. వీసా స్టాంపింగ్ డేట్స్ దొరకక ఇండియా పోలేకపోయిన కదా, అప్పుడు."

అమర్‌నాథ్ శ్రీవిద్య వైపు చూశాడు. శ్రీవిద్య పళ్లెం వైపు చూసింది. ఒకే కార్లో వెళ్లిన ఆ శీతాకాలం వాళ్లిద్దరూ విడాకుల కోసం లాయర్ల దాకా వెళ్లారన్న సంగతి అక్కడ కొందరికే తెలుసు. 

"వదినా," అన్నాడు దివాకర్, "అన్నకు అందరి సంగతీ ముందే తెలుసా?"

పద్మజ చేతిలో గ్లాసు కింద పెట్టింది. "రెండు వేల తొమ్మిదిలో ఈయన ఉద్యోగం పోయింది. నా వీసా మీద డిపెండెంట్‌గా మారి ఏడాది ఇంట్లో కూర్చున్నారు. గుడికెళ్తే ఏ కంపెనీ అని అడుగుతారు, ఇండియన్ స్టోర్‌కెళ్తే అదే అడుగుతారు. ఒకరోజు విసుగొచ్చి కారేసుకుని ఎటో వెళ్లిపోయారు. ఏదో ఊళ్లో చెట్ల మధ్య కోర్టు కనబడింది. చుట్టూ తిరిగారట. ఎవరూ ఏమీ అడగలేదట. సాయంత్రం ఇంటికొచ్చి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నారు. అప్పట్నుంచీ, ఎవరి మొహం అలా కనబడినా..."

"అయితే ఈ రాళ్ల గురించి, కమానుల గురించి... ఆ క్లాసులన్నీ ఉత్తుత్తివేనా?" అడిగాడు అమర్‌నాథ్ ఆశగా.

"అవి మాత్రం నిజమేనండీ," అంది పద్మజ. "ఆ బాధ పడాల్సిందే."

ఇంతలో చక్రపాణి కండెల పళ్లెంతో వచ్చాడు. నవ్వులు ఆగిపోయి ఉండటం చూసి, "ఏంటి, ఎవరైనా ఉప్పు తక్కువైందన్నారా?" అని అడిగాడు. రజిని లేచి విషయం చెప్పబోయింది. ఆయన రెండు మాటలు విని చెవుల దాకా ఎర్రబడ్డాడు. "అబ్బే, అదేం లేదు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లని పిలిచానంతే. తినండి, చల్లారిపోతాయి," అని మళ్లీ గ్రిల్ దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడ కాల్చడానికి ఏమీ మిగల్లేదు. అయినా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఆ వచ్చే శనివారం పొద్దున్నే ఆయన టోపీ పెట్టుకుని బయటికొస్తే ఇంటి ముందు నాలుగు కార్లున్నాయి. అమర్‌నాథ్, శ్రీవిద్య, రజిని, అనీష్, దివాకర్, ఇంకా ఎవరెవరో. పద్నాలుగు మంది.

"ఏమైంది? ఎవరికేమైంది?" అన్నాడు చక్రపాణి గాబరాగా.

"ఎవ్వరికీ ఏం కాలే అన్నా," అన్నాడు దివాకర్. "కోర్టు చూస్తమని వచ్చినం."

రెండు గంటలు ప్రయాణం చేసి కొండ మీదున్న ఒక పాత కోర్టుకు చేరారు. తెల్లటి భవనం, ఎదర ఎనిమిది నిలువెత్తు స్తంభాలు. పద్నాలుగు మందీ పచ్చిక మీద అర్ధచంద్రాకారంలో నిలబడి ఆయన వైపే చూశారు. ఎవర్నీ బలవంతంగా ఎక్కించుకు రాలేదు. ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. చక్రపాణి గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. ఇన్నేళ్లుగా పారిపోయేవాళ్లకు చెప్పడం అలవాటైన మనిషికి, నిలబడి వినేవాళ్లను చూసేసరికి ఒక్క సంవత్సరమూ గుర్తు రాలేదు.

అది చూసి పద్మజ ముందుకొచ్చింది. పదహారేళ్లుగా పక్క సీట్లో కూర్చుని విన్నదంతా కొంగు దోపుకుని మొదలుపెట్టింది. రాయి ఎక్కణ్ణుంచి ఎడ్ల బళ్ల మీద తెచ్చారో, గోపురం ఎన్నిసార్లు పిడుగు పడి కూలిందో, అన్నీ చేతులు తిప్పుతూ ఆయనలాగే చెప్పింది. చక్రపాణి వచ్చి దివాకర్‌తో పాటు పచ్చిక మీద చతికిలబడి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినసాగాడు.

"ఇక ఈ ఎనిమిది స్తంభాలూ," అంది పద్మజ, "అచ్చమైన గ్రానైట్!"

సున్నపురాయి అది. దివాకర్‌కు కూడా చూడగానే తెలిసిపోయింది. సరిదిద్దుదామని చెయ్యెత్తబోయాడు. చక్రపాణి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

"ఊరుకోవయ్యా," అన్నాడు గుసగుసగా, భార్య మీంచి చూపు తిప్పకుండా. "ఇవాళ్టికది గ్రానైటే."